రంగు సంగతి తర్వాత, ముందు చాసిస్ నంబరు చెప్పండి

షార్లెట్ నుంచి ఉత్తరానికి అరగంట వెళితే మూర్స్‌విల్ వస్తుంది. ‘రేస్ సిటీ యూఎస్ఏ’ అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్న ఊరు. అక్కడా, ఇటు కాంకార్డ్‌లోనూ నాస్కార్ కారు పందేల టీంల షెడ్లు, వాటిని నమ్ముకుని బతికే లేతు షాపులు, పెయింటు షాపులు, ఇంజను షాపులు. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్లో. ఆ తర్వాత ఉద్యోగమంతా కాంకార్డ్‌లో రేసు కార్లకు విడిభాగాలు చేసే ఒక మెషిన్ షాపులో గడిచింది. రిటైరయ్యాక ఇంకో పని తగులుకుంది. ఎవరైనా పాత రేసు కారు కొనబోతుంటే "ఒకసారి మీరొచ్చి చూడండి" అని వెంటబెట్టుకుపోతారు. ఒకప్పుడు పిలిచేవాళ్లంతా ఇక్కడివాళ్లే. ఈ మధ్య మనవాళ్లూ పిలుస్తున్నారు. బ్యాంకుల్లోనో ఐటీలోనో స్థిరపడి, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయి, గరాజ్‌లో ఒక కారు జాగా ఖాళీ అయినవాళ్లు. "బాబాయ్ గారూ, జిమ్మీ జాన్సన్ నడిపిన కారట, తీసుకోమంటారా?" అని అడుగుతారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వస్తున్నదే ఇక్కడ అంకెలు వేసి రాస్తున్నాను. వరస మాత్రం నాకు గుర్తొచ్చిన వరసే.

1. షోరూం కారుతో చుట్టరికం కలపొద్దు.

1949 జూన్ 19న షార్లెట్‌లో మట్టి ట్రాక్ మీద నాస్కార్ మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ పందెం పెట్టినప్పుడు కారు షోరూంలో ఎలా ఉందో అలాగే తేవాలన్నారు. ముందు గీత దాటినవాడు గ్లెన్ డనవే. తనిఖీ చేస్తే ఆ ఫోర్డ్ వెనక స్ప్రింగులు బిగువుగా ఉండేలా పని చేయించినట్టు బయటపడింది. దొంగసారా మోసే బండ్లకు చేయించే పని అది. గెలుపు రద్దు చేసి, కాన్సస్ నుంచి లింకన్ కారుతో వచ్చిన జిమ్ రోపర్‌కు ఇచ్చారు. ఆ రూలే ఇప్పుడుంటే ఒక్క బండీ తనిఖీ దాటదు.

2013 నుంచి 2021 వరకు నాస్కార్ పైస్థాయి పందేలైన కప్‌లో తిరిగిన బండ్లను జెన్ సిక్స్ అంటారు. సేకరించేవాళ్ల దగ్గరికి ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి ఇవే. ముందు నుంచి చూస్తే టయోటా కామ్రీ, ఫోర్డ్ ఫ్యూజన్, షెవర్లే కమారో. దగ్గరికెళితే హెడ్‌లైట్లు స్టిక్కర్లు. తలుపులు తెరుచుకోవు, కిటికీలోంచి కాళ్లు దూర్చి దిగాలి. స్పీడోమీటరు ఉండదు. లోపల ఉక్కు గొట్టాలు వెల్డు చేసి కట్టిన బోను, దానిపైన చేత్తో సాగగొట్టి తొడిగిన రేకు, బానెట్టూ డిక్కీ మూతా కార్బన్ ఫైబరువి. 358 క్యూబిక్ అంగుళాల పుష్‌రాడ్ వీ8 ఇంజను. వెనకాల గట్టి యాక్సిల్ హౌసింగు, దాన్ని పట్టుకునే రెండు పొడుగాటి ట్రక్ ఆర్మ్‌లు. ఆ పద్ధతి ఒకనాటి షెవర్లే పికప్ ట్రక్కుల నుంచి వచ్చి ట్రాక్ మీద దశాబ్దాలు నిలిచిపోయింది. మొదటిసారి కింద దూరి చూసినప్పుడు ఆటోనగర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. గంటకు మూడువందల కిలోమీటర్ల బండికి ఇంత మోటు పనా అని.

ఆర్‌సీ లాంటిది ఏమీ రాదు. టైటిల్ ఉండదు, మామూలు కార్లకుండే విన్ నంబరు ఉండదు. చేతికొచ్చేది ఒక అమ్మకపు రసీదు. రోడ్డెక్కించడానికి లేదు. "మరి కొంటున్నది దేన్ని?" అనే ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

2. లింకు డాక్యుమెంట్లు లేని పొలం కొంటారా?

ఈ పాఠం కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

జెన్ సిక్స్ రోజుల్లో పెద్ద టీం ఒక్కో డ్రైవరుకు డజనుకు పైగా బండ్లు తయారు చేసుకునేది. ఒక్కో చాసిస్‌కు టీం ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు మీద ఒక చిట్టా నడిపేది. ఏ తేదీన ఏ ట్రాక్‌లో దిగింది, ఎన్నో స్థానంలో వచ్చింది, ఎక్కడ గోడకు కొట్టింది, ఏం మార్చారు అని. బండి గోడకు కొడితే ముందు భాగాన్ని కోసి పారేసి కొత్త క్లిప్పు వెల్డు చేస్తారు. రేకు నలిగితే బాడీ మొత్తం విప్పి మళ్లీ తొడుగుతారు. రెండేళ్లు పోయాక అదే చాసిస్ ఇంకో డ్రైవరు నంబరుతో, ఇంకో స్పాన్సరు రంగులతో దిగుతుంది. కప్‌కు పనికిరాదనుకున్నాక కింది స్థాయి ఆర్కా పందేల టీం ఒకటి కొనుక్కుని తన రంగు వేసుకుంటుంది. ఆఖర్న ఎవరో వ్యాపారి చేతికొచ్చి, మళ్లీ మొదటి డ్రైవరు రంగులు తొడుక్కుని మీ ముందు నిలబడుతుంది.

అందుకని "ఇది జాన్సన్ కారు" అన్నప్పుడు మూడు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. జాన్సన్ కోసం టీం కట్టిన కారు. జాన్సన్ పందెంలో నడిపిన కారు. జాన్సన్ గెలిచిన కారు. మొదటిదానికీ మూడోదానికీ ధరలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. అమ్మేవాడు అబద్ధం చెప్పక్కర్లేదు. మొదటి అర్థంతో చెబితే మీరు మూడో అర్థంతో వింటారు.

అడగాల్సిన కాగితాలు ఇవి: చాసిస్ చిట్టా నకలు, బండి కట్టినప్పటి బిల్డ్ షీటు, ఆ పందేనికి వాడిన సెటప్ షీటు దొరికితే అది, టీం లెటర్‌హెడ్ మీద చాసిస్ నంబరు వేసి రాసిచ్చిన ఉత్తరం, చేతులు మారిన ప్రతిసారీ రాసిన రసీదు. నడుమ ఒక్క రసీదు లేకపోయినా ఆగి అడగండి. పత్రాల తర్వాత బండి. చాసిస్ గొట్టం మీద పలకగానో, కొట్టిన అంకెలుగానో నంబరు ఉంటుంది. కాగితంలోదీ అదీ ఒకటేనా చూడాలి. 2007లో వచ్చిన ‘కార్ ఆఫ్ టుమారో’ నుంచి ప్రతి చాసిస్‌నూ కాంకార్డ్‌లోని నాస్కార్ పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లి కొలతలు తీయించి, గొట్టాలకు ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్పులు అంటింపించుకోవాల్సి వచ్చేది. ఆ చిప్పులు పీకేసిన గుర్తులు కనిపిస్తే ఎందుకు పీకారో చెప్పించండి.

ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ కాగితం మీద దిద్దలేరు. చేత్తో వేసిన వెల్డింగ్ కుట్టు ఏ రెండుచోట్లా ఒకేలా పడదు. డాష్‌బోర్డు రేకుకు కొట్టిన రివెట్ల వరస, గొట్టాల మూల దగ్గర వేసిన పట్టీ వంపు, స్విచ్చుల కోసం తొలిచిన బెజ్జాల దూరం, ఇవన్నీ పాత ఫోటోల్లో దొరుకుతాయి. కారులో కెమెరా ఉన్న రోజులు కదా, లోపలి దృశ్యాలకు కొదవలేదు. ఒకసారి మన కుర్రాడొకడు గెలిచిన కారని నమ్మి అడ్వాన్సు ఇవ్వబోతుంటే, ఆ పందెం వీడియో ఆపి ఆపి చూపించాను. వీడియోలో డ్రైవరు కుడి మోకాలి పక్క గొట్టానికి మూడు రివెట్లు. మా ముందున్న బండికి రెండు. చిట్టా తెప్పిస్తే ఆ వారం ఈ చాసిస్ బ్యాకప్ కారుగా లారీలోనే కూర్చుంది. కుర్రాడు దాన్నే కొన్నాడు చివరికి, బ్యాకప్ కారు ధరకు. అది మంచి బేరమే.

నంబరుకు ఎంత బలముంటుందో చెప్పడానికి ఒక కథ. 1997లో ఆల్‌స్టార్ పందెం కోసం హెండ్రిక్ టీం జెఫ్ గోర్డన్‌కు ఒక బండి కట్టింది. ఇంజినీరు రెక్స్ స్టంప్ రూలు పుస్తకాన్ని మూలమూలలా చదివి, ఎక్కడ ఏది రాయలేదో అక్కడల్లా చెయ్యి పెట్టాడు. ఆయన పేరు మీదే బండికి టీ-రెక్స్ అన్న పేరు. పైన జురాసిక్ పార్క్ ప్రచారానికి డైనోసార్ బొమ్మ ఉండడం కాకతాళీయం. షార్లెట్‌లో ఆ రాత్రి గోర్డన్ అవతలివాళ్లను చిత్తుగా ఓడించాడు. తనిఖీలో రూలుకు విరుద్ధమైనదేదీ దొరకలేదు, అయినా ఇలాంటిది మళ్లీ తేవద్దని నాస్కార్ చెప్పేసింది. అదే రంగులు వేసిన బండ్లు ఎన్నయినా తయారవుతాయి. 2429 నంబరు చాసిస్ మాత్రం ఒకటే.

3. పైన తొడుక్కున్నది చొక్కా. దాని కింద చూడండి.

ఈ కాలం రేసు కార్లకు బ్రష్షుతో రాసిన అక్షరాలు లేవు, అంతా వినైల్ పొర. ఒక్క రోజులో బండి మొత్తం వేషం మార్చేయొచ్చు. స్పాన్సర్ల దుకాణాల ముందు నిలబెట్టడానికి టీంలు షో కార్లని పంపిస్తాయి. పాతబడిన చాసిస్‌కు ఈ ఏడాది రంగులు తొడిగి తిప్పుతారు, కొన్నింటికి లోపల ఇంజను కూడా ఉండదు. షో కారుగా కొంటే తప్పేమీ లేదు, మంచి అలంకారం. రేసు కారు ధర పెట్టడమే తప్పు. కిటికీ అంచుల దగ్గర, రూఫ్ ఫ్లాపుల కింద గోరుతో మెల్లగా ఎత్తి చూడనిస్తారా అని అడగండి. కింద ఇంకో నంబరు తాలూకు రంగు కనబడితే దాన్ని దాచాల్సిన పనిలేదు, అదీ ఆ బండి చరిత్రే.

ఈ పొరను నాస్కార్ ఎంత పట్టించుకుంటుందో 2022 జులైలో పొకోనోలో చూశాం. డెనీ హామ్లిన్ గెలిచాడు, జట్టు సహచరుడు కైల్ బుష్ రెండో స్థానం. తనిఖీలో ముందు బంపరు భాగంలో వినైల్ కింద ఉండకూడని పొర ఒకటి కనబడిందని ఇద్దర్నీ తోసేసి మూడోవాడైన చేజ్ ఎలియట్‌కు గెలుపు ఇచ్చారు. కప్ పందెం విజేతను అలా తప్పించడం 1960 తర్వాత అదే మొదలు.

4. అందరూ వద్దన్న బండిని ఒకసారి చూడండి.

ఏ తరం బండి కొనాలి అనేది రుచికి సంబంధించిన సంగతి, అయినా నా మాట చెబుతాను. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్డ్ పోయాడు. మెడను కాపాడే హాన్స్ లాంటి పట్టీ ఆ ఏడాదే తప్పనిసరైంది, మరుసటేడు మెత్తటి సేఫర్ గోడలు మొదలయ్యాయి, ఆ ఆలోచనల్లోంచే 2007లో కార్ ఆఫ్ టుమారో వచ్చింది. డ్రైవరు సీటును నడిమికి జరిపారు, పైకప్పు ఎత్తు పెంచారు, వెనక స్పాయిలరు తీసి రెక్క పెట్టారు. బండి చూస్తే డబ్బాలా ఉందన్నారు. బ్రిస్టల్‌లో దాని మొదటి పందెం గెలిచిన కైల్ బుష్ గెలిచిన నోటితోనే దాన్ని తిట్టాడు. 2010లో రెక్క తీసేసి మళ్లీ స్పాయిలరు పెట్టాకగానీ జనం శాంతించలేదు.

సేకరించేవాళ్లకు ఇప్పటికీ దాని మీద మోజు తక్కువ. నాకు ఎక్కువ. బోను గట్టిది, లోపల చోటు ఎక్కువ, 2011 వరకు వచ్చినవాటికి కార్బ్యురేటరు ఉంటుంది. దాని సుఖం కింద ఆరో పాఠంలో తెలుస్తుంది. అందం చూసుకునేవాళ్లు 2006 ముందటి మాంటే కార్లోలు, టారస్‌లు కొనుక్కోవచ్చు. గుర్తుగా ఉండాలనుకునేవాళ్లు 2012 నాటి డాడ్జ్‌ల మీద కన్నేయండి. బ్రాడ్ కెసెలోస్కీ పెన్‌స్కే టీంకు ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ తెచ్చాడు, ఆ సీజనుతోనే డాడ్జ్ కప్ నుంచి వెళ్లిపోయింది.

5. ఏ ట్రాక్ కోసం పుట్టిందో కనుక్కోండి.

డేటోనా, తలాడేగా కోసం కట్టిన సూపర్‌స్పీడ్‌వే కారుకు గాలి చీల్చుకుపోవడమే పని. దానికి బ్రేకులు చిన్నవి వేస్తారు, బరువు తగ్గాలని. అలాంటిది కొని కొండదారి మలుపులుండే వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వే లాంటిచోట దింపితే మూడో మలుపుకే పెడలు కిందికి పోతుంది. రోడ్ కోర్సు కారయితే బ్రేకులు పెద్దవి, గేర్లు వేరు. ఓవల్ కారు ఎడమకే తిరిగేలా చక్రాల వంపులు, స్ప్రింగులు, టైర్ల చుట్టుకొలతలు పెట్టి ఉంటాయి. తిన్నగా పోతున్నప్పుడు కూడా స్టీరింగ్ కుడికి పట్టి ఉంచాలి, వదిలితే ఎడమకు లాగేస్తుంది. మొదటిసారి నడిపినవాళ్లు ఏదో విరిగిందనుకుని కంగారుగా వెనక్కొస్తారు. ఏదీ విరగదు, అది అంతే.

6. ఇంజను ఉందా అని కాదు, ఎవరిదని అడగండి.

ప్రకటనలో ‘రోలర్’ అని ఉంటే చక్రాల మీద దొర్లే బండి వస్తుంది, ఇంజను రాదు. చాలా బండ్లు అలాగే అమ్ముడవుతాయి. కారణం సులువు. చాలా టీంలకు ఇంజన్లు సొంతం కాదు. రౌష్ యేట్స్ లాంటి ఇంజను షాపుల దగ్గర అద్దెకు తెచ్చుకుని, పందెం కాగానే తిరిగి అప్పగిస్తారు. దాన్ని విప్పి, లోపలి భాగాలు మార్చి మళ్లీ ఇంకొకరికి ఇస్తారు. మీ డ్రైవరు గెలిచిన ఇంజను మీ బండిలోనే ఉండటం చాలా అరుదు. ఉందని ఎవరైనా అంటే ఇంజను నంబరుకు కూడా వేరే కాగితం అడగాలి.

తర్వాత ఏ ఇంజను పెట్టించుకోవాలి? ఊరికే గరాజ్‌లో ఉంచి ఎప్పుడైనా గుర్రుమనిపించాలనుకుంటే మామూలు షెవర్లే లేక ఫోర్డ్ క్రేట్ ఇంజను చాలు. ఆర్కా పందేల్లో వాడే ఇల్మోర్ 396 కూడా ఒక దారి. అసలు కప్ ఇంజనే కావాలని పట్టుబట్టేవాళ్లకు రెండు సంగతులు.

ఒకటి, 2012 నుంచి కప్ కార్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా మెక్‌లారెన్‌ది. ఆ డబ్బా, దానికి తగిన వైరింగు, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేరు, అది వాడటం తెలిసిన మనిషి, ఈ ఐదూ ఉంటేనే బండి స్టార్టవుతుంది. డబ్బా తీసేసుకుని బండి అమ్మినవాళ్లను నేను చూశాను. కొన్నాయన ఏడాదిపాటు దాన్ని తోసుకుంటూ తిరిగాడు. 2011 కారయితే హోలీ కార్బ్యురేటరు. స్క్రూడ్రైవరూ చెవులూ ఉంటే సరిపోతుంది.

రెండు, దాన్ని చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చెయ్యకూడదు. ఆయిల్ ఇంజను కింద ఉండదు, విడిగా ట్యాంకులో ఉంటుంది. ఆ ట్యాంకును ముందుగా వేడి చేయాలి. నెలల తరబడి నిలబడిన ఇంజనయితే పంపు బెల్టు తీసి, డ్రిల్లుతో పంపు తిప్పి, గేజీలో ప్రెషరు కనబడ్డాకే స్టార్టు మాట. పక్కింటివాళ్లకు చూపించాలన్న తొందరలో తిన్నగా బటన్ నొక్కి బేరింగులు పోగొట్టుకున్న పెద్దమనిషి ఒకరున్నారు. రిపేరు బిల్లు చూసి బండి ధర గుర్తొచ్చిందట. పెట్రోలు కూడా ట్యాంకులో వదలొద్దు. 2011 నుంచి నాస్కార్ వాడేది పదిహేను శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

7. కడగొద్దు, పుట్టీ పెట్టొద్దు.

ఆటోనగర్‌లో మాకు నేర్పింది దీనికి పూర్తిగా తిరగబడ్డ విద్య. సొట్ట కనబడితే లేపడం, పుట్టీ పెట్టడం, అరగదీయడం, తళతళలాడించడం, అదే గొప్ప. ఇక్కడ సొట్టకే డబ్బు. డేటోనా 500 గెలిచిన కారును తుడవకుండా, కాగితం ముక్కలూ టైరు రబ్బరూ సీసాల తడీ అంటుకున్నవి అంటుకున్నట్టే ఏడాదిపాటు అక్కడి మ్యూజియంలో నిలబెడతారు. కుడిపక్క గోడకు రాసుకున్న నల్లచార, ముందు గ్రిల్లు మీద ఊడొచ్చిన టేపు, టైరు పేలి చిరిగిన రేకు, ఇవన్నీ ఆ మధ్యాహ్నం జరిగినదానికి సాక్ష్యాలు. రిచర్డ్ పెట్టీ 1984 జులై 4న అధ్యక్షుడు రీగన్ చూస్తుండగా 200వ గెలుపు అందుకున్న పాంటియాక్ స్మిత్‌సోనియన్‌లో ఉంది. దానికి విలువ ఇచ్చింది పెయింటు మెరుపు కాదు గదా.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. టీంలు ఆ సొట్టపడ్డ రేకును కత్తిరించి ముక్కలుగా అభిమానులకు అమ్ముకుంటాయి. గెలిచిన తలుపు రేకు ఒకరి గోడ మీద, బంపరు ఇంకొకరి బేస్‌మెంటులో, చాసిస్ మీ దగ్గర. అలాంటప్పుడు కొత్త రేకు తొడిగించుకోక తప్పదు. తొడిగించండి. కొత్తదని రాసి పెట్టుకోండి. దానిమీద గోడకు రాసుకున్నట్టు నల్లచార కొత్తగా వేయించేవాళ్లున్నారు, వాళ్ల జోలికి పోకండి. దెబ్బను తయారు చేయడం నాకు తెలిసిన మోసాల్లో అతి నీచమైనది, ఎందుకో చెప్పలేనుగానీ నకిలీ కాగితం కంటే అదే నాకు ఎక్కువ కంపరం.

డేల్ ఎర్న్‌హార్డ్ జూనియర్‌కు మూర్స్‌విల్ దగ్గర అడవిలాంటి స్థలం ఉంది. నుజ్జయిన రేసు కార్లను తెచ్చి చెట్ల మధ్య అలాగే పడేశాడు. తుప్పు పడుతూ, మొక్కలు మొలుస్తూ ఉంటాయి. నా భార్య ఆ ఫోటోలు చూసి "ఇదేం పిచ్చి" అంది. నాకు పిచ్చనిపించలేదు.

8. సీటులో కూర్చోకుండా బేరం ఆడకండి.

ఆ సీటు ఒక డ్రైవరు ఒంటికి పోసిన అచ్చు. మన పొట్టలకు అది పట్టకపోవచ్చు. కిటికీలోంచి దిగగలరా, స్టీరింగ్ ఊడదీసి మళ్లీ బయటికి రాగలరా, అదీ లోపల మంట ఉందనుకుని తొందరగా రాగలరా చూసుకోండి. తర్వాత తేదీలు. సీటు బెల్టుల మీద తయారీ తేదీ ఉంటుంది, పోటీ నిబంధనల ప్రకారం రెండేళ్లకే వాటికి కాలం చెల్లుతుంది. పెట్రోలు ట్యాంకు లోపల రబ్బరు సంచీ, దానిలో స్పాంజీ ఉంటాయి. ఐదేళ్లు దాటితే సంచీ మార్చాలి, స్పాంజీ పొడిపొడిగా రాలి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. మంటలార్పే సీసా కూడా చూడండి. ప్రదర్శనకు పెట్టే కారయితే పాత బెల్టులే ఉంచండి, అవీ చరిత్రే. నడిపే కారయితే పాతవి విప్పి పెట్టెలో దాచి కొత్తవి బిగించండి.

నడపడం వచ్చా అని మిమ్మల్ని మీరు అడగడానికి ముందు, స్టాక్ కారులో కూర్చోబెట్టి డబ్బు తీసుకుని నాలుగు రౌండ్లు తిప్పనిచ్చే స్కూళ్లున్నాయి. షార్లెట్ ట్రాక్‌లో 24 డిగ్రీల వాలు మీద ఒకసారి తిరిగొస్తే సగం మందికి కోరిక తీరిపోతుంది. డబ్బు మిగులుతుంది.

9. నెక్స్ట్ జెన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు.

2022లో వచ్చిన బండి పూర్తిగా వేరు. చాసిస్ బోల్టులతో విడదీసే మూడు ముక్కలు, అన్ని టీంలకూ ఒకేచోట తయారైనది. బాడీ కాంపోజిట్, అటూ ఇటూ సమానం. ఐదు నట్లు పోయి చక్రానికి ఒకటే నట్టు, 15 అంగుళాల ఉక్కు చక్రం పోయి 18 అంగుళాల అల్యూమినియం. ట్రక్ ఆర్మ్‌లకు సెలవు, వెనకాల ఇండిపెండెంట్ సస్పెన్షన్. మొదటి ఏడాది ఒక్కో కారు నంబరుకు ఏడు బండ్లకు మించి ఉంచుకోకూడదన్నారు. అందువల్ల టీంలు ఒకే బండిని వాడి వాడి, విరిగిన భాగం మార్చి మళ్లీ వాడతాయి. బయటికి రావడం తక్కువ.

వచ్చినా మనిషి చేతి గుర్తు అందులో వెతికితే దొరకదు. నా రివెట్ల లెక్క, వెల్డింగ్ కుట్ల లెక్క అక్కడ పనిచేయదు. పైగా ముక్కలు మారుతూ ఉంటే గెలిచింది ఏ ముక్క? 2024 మే 5న కాన్సస్‌లో కైల్ లార్సన్, క్రిస్ బ్యూషర్ పక్కపక్కనే గీత దాటారు. తేడా సెకనులో వెయ్యోవంతు, కప్ చరిత్రలో అంత దగ్గరి ముగింపు లేదు. రెండు బండ్ల చాసిస్సూ ఒకే తయారీదారు దగ్గరివి, గేరుబాక్సూ అంతే. ఒకదాని కోసం రేపు వేలంలో చేతులు లేస్తాయి, రెండోదాని కోసం లేవవు. ఇక మీదట ధర కట్టేది పూర్తిగా కాగితాలకూ వీడియోలకూ మాత్రమేనని నా అనుమానం. ఆ రోజుకు నా కళ్లతో పని ఉండదు, లాయరుతో ఉంటుంది.

10. హైదరాబాద్ తీసుకెళ్తానంటే…

ఈ కోరిక చాలామంది నోట వింటున్నాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగాక మరీను. మన దేశపు దిగుమతి నిబంధనల్లో సెకండ్‌హ్యాండ్ వాహనం మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇది రెండింటికీ చెడుతుంది. ప్రత్యేక అనుమతులు తెచ్చుకునే ఓపికున్నా, దాన్ని నడపడానికి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో, గ్రేటర్ నోయిడాకో లారీ ఎక్కించి తీసుకెళ్లాలి. ఆ మూడూ కుడి ఎడమల మలుపులున్నవే, ఓవల్ ఒక్కటీ లేదు. ఇక్కడే ఉంచుకుని ఫోటో పంపించండి.

11. డబ్బు కట్టే ముందు మీ డ్రైవ్‌వే కొలవండి.

బండి ముందు స్ప్లిటరు నేలకు కొన్ని అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. వీధి నుంచి గరాజ్‌కు ఎక్కే వాలు కాస్త నిటారుగా ఉన్నా ముందు అదే తగులుతుంది. చెక్క పలకలు వేసి మెల్లగా ఎక్కించాలి, దానికి ముగ్గురు మనుషులు కావాలి. తిప్పడానికి చోటు ఎక్కువ పడుతుంది, మామూలు కారు తిరిగే చోట ఇది తిరగదు. మూసి ఉన్న ట్రైలరు ఎవరిది, దానికి ఇన్సూరెన్సు ఉందా, లోడింగుకు విన్చి ఉందా అడగండి. గరాజ్‌లో పెట్టాక నాలుగు స్టాండ్ల మీద ఎత్తి ఉంచితే టైర్లు చదును పడవు. మీ కాలనీ సంఘం నిబంధనల పుస్తకం కూడా ఒకసారి తిరగేయండి. దీనికి సైలెన్సరు లేదు. ఆదివారం పొద్దున్నే స్టార్టు చేస్తే ఏం జరుగుతుందో మా వీధిలో అడిగితే చెబుతారు.